ఏడో నంబరు సైకిల్

మొన్న ఆదివారం మా చిన్నవాడి గేర్ల సైకిల్ పంచరైంది. మియాపూర్‌లో మా వీధి మలుపులో వేపచెట్టు కింద పంచర్లు వేసే కుర్రాడు ఒకడుంటాడు. వాడి దగ్గరికి నడిపించుకుని వెళ్ళాను. కుర్రాడు ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూనే టైరు విప్పాడు, ట్యూబు లాగాడు, నీళ్ళ టబ్బులో ముంచి బుడగ లేచిన చోట వేలు పెట్టాడు. తుడిచి, గరుకు కాగితంతో నాలుగుసార్లు గీకాడు. తర్వాత సొల్యూషన్ ట్యూబు మూత తిప్పాడు.

ఆ వాసన తగిలి ఎన్నాళ్ళయిందో! పెట్రోలుకీ జిగురుకీ మధ్యరకంగా, కాస్త తియ్యగా, ముక్కులోంచి నేరుగా నుదుటికెక్కే వాసన. మా నాన్న చొక్కాల వాసన. ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. కొన్నాళ్ళకి మా అమ్మ చీర కొంగుకీ అదే వాసన పట్టింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

కుర్రాడు సొల్యూషన్ రాసి, అది ఆరకుండానే ముక్క అంటించేశాడు. "కాస్త ఆరనీ అబ్బాయ్" అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. టైరు లోపల చెయ్యి పెట్టి తడుముతాడేమోనని చూశాను. తడమలేదు. ఫోన్లో డబ్బులు కొట్టి, ఇంటికొచ్చి, బాల్కనీలో చతికిలబడి టైరు మళ్ళీ విప్పాను. ముల్లు అక్కడే ఉంది. మా ఆవిడ కాఫీ తెచ్చి నన్ను చూసి, "మనిషి ఊరు విడిచి ముప్పై ఏళ్ళయింది, షాపు మాత్రం వదలదు" అంది.

* * *

తెనాలిలో మాకు అద్దె సైకిళ్ళ షాపు ఉండేది. రణరంగ చౌక్ దాటాక ఒక సందులో. తెనాలి తెలియనివాళ్ళకు చెప్పాలంటే, 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలైపోయారు, వాళ్ళ గుర్తుగా స్తూపాలు కట్టిన చోటు అది. ఊరి మధ్యలోంచి మూడు కాలువలు పోతాయి కాబట్టి మావాళ్ళు దాన్ని ఆంధ్రా ప్యారిస్ అని చెప్పుకుంటారు. ప్యారిస్ వాళ్ళకి ఈ సంగతి తెలుసో లేదో!

షాపంటే ఎనిమిదడుగుల గది, ముందు రేకుల పంచ, పది సైకిళ్ళు. వెనక మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో ఒకటి నుంచి పది దాకా అంకెలు. రంగు ఎవరైనా గీకేస్తారని నాన్న ప్రతి ఫ్రేము అడుగునా, పెడల్ గొట్టం కింద ఎవరూ చూడని చోట, ఉలితో అదే అంకె చెక్కి పెట్టేవాడు. మూడో నంబరుకి బ్రేకు సరిగా పడదు. అయిదో నంబరు సీటు గుచ్చుకుంటుంది. తొమ్మిది ఎక్కితే గొలుసు రెండుసార్లయినా ఊడుతుంది. ఏడో నంబరు అన్నిట్లోకీ బాగుండేది. అట్లాస్, పచ్చ రంగు. డైనమో లైటు దానికొక్కదానికే ఉండేది.

గంటకి అర్ధ రూపాయి, అరగంటకి పావలా. సెలవుల్లో పిల్లలు ముగ్గురు కలిసి పావలా పోగేసుకుని వచ్చేవాళ్ళు. ఒకడు తొక్కుతుంటే ఇద్దరు వెనక పరుగెత్తేవాళ్ళు. కాళ్ళు అందనివాళ్ళు బార్ కింద నుంచి కాలు దూర్చి అడ్డ తొక్కుడు తొక్కేవాళ్ళు. అరగంట అయ్యేసరికి మోకాళ్ళు గీరుకుపోయి, చెమటలు కక్కుతూ వచ్చి, గోడ గడియారం వైపు అనుమానంగా చూసేవాళ్ళు, మేం ముందుకు తిప్పామేమోనని. నిజానికి నాన్న దాన్ని అయిదు నిమిషాలు వెనక్కి పెట్టేవాడు. "అయిదు నిమిషాల కోసం చిన్నపిల్లలతో తగాదా ఎందుకు" అనేవాడు.

తెలియనివాళ్ళకి సైకిల్ ఇవ్వకూడదు. ఇవ్వాల్సి వస్తే తెలిసినవాళ్ళ పూచీ ఉండాలి, లేదా చేతి గడియారమో ఉంగరమో పెట్టి వెళ్ళాలి. షాపు మొత్తానికి ఉన్న చట్టం అదొక్కటే.

సైకిల్‌కి అప్పట్లో మునిసిపాలిటీ పన్ను ఉండేదంటే మా పిల్లలు నమ్మరు. ఏటా డబ్బు కట్టి రేకు బిళ్ళ తెచ్చి తగిలించాలి. రాత్రిపూట లైటు లేకుండా తొక్కితే పోలీసు ఆపేవాడు. డబల్స్ వెళ్తే ఆపేవాడు. గల్లీ చివర్న సైకిల్ దిగి నడుచుకుంటూ పోలీసును దాటి, మళ్ళీ ఎక్కి పోయే పెద్దమనుషుల్ని ఎంతమందిని చూశానో!

* * *

పంచరు వేయడం నాకు తొమ్మిదో ఏట వచ్చింది. వచ్చిందని నేననుకున్నాను. నాన్న మూడుసార్లు విప్పించాడు.

రెండు లివర్లతో టైరు అంచు లేపడం, ట్యూబు లాగి గాలి కొట్టడం, నీళ్ళ తొట్టిలో కొంచెం కొంచెంగా తిప్పడం. బుడగ కనపడగానే సంబరపడి ఆగిపోకూడదు, ట్యూబు చివరిదాకా తిప్పాలి. రెండో బెజ్జం ఉంటే? తర్వాత తుడిచి, మేకుతో తూట్లు పొడిచిన రేకు బిళ్ళ కొట్టిన చెక్కతో గీకాలి. పాత ట్యూబులోంచి ముక్క కత్తిరించి అంచులు పల్చగా చెయ్యాలి. సొల్యూషన్ రెండువైపులా రాసి ఆగాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. ఊదకూడదు, ఎండకి పెట్టకూడదు, వేలి వెనక భాగంతో ముట్టుకుంటే అంటీ అంటనట్టు ఉండాలి. అప్పుడు అతికించి సుత్తితో మెల్లగా కొట్టాలి.

అన్నిటికంటే ముఖ్యం, ట్యూబు లోపల పెట్టేముందు టైరు లోపలంతా వేళ్ళతో తడిమి ముల్లు తీయడం. తీసిన ముల్లు బేరం ఇచ్చినవాడికి చూపించాలి. పంచరు లేకుండానే వేసి డబ్బు తీసుకున్నారనే మాట ఎవరూ అనకూడదు. చూపించాక దాన్ని పాలడబ్బాలో వేసేవాళ్ళం. ఆ డబ్బాలో తుమ్మ ముళ్ళు, చెప్పుల మేకులు, ఎద్దుల నాడాల నుంచి ఊడిన మేకులు, ఒకసారి విరిగిన ముక్కుపుడక కూడా. దాన్ని అమ్మ తీసి దాచింది. ఎవరూ రాలేదు అడగడానికి.

దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. 1977 నవంబరు 19, శనివారం. ఆ రాత్రి మా ఊళ్ళో ఎగిరిన రేకుల చప్పుడు గుర్తుంది. మాకు పోయింది పంచ ఒక్కటే. కృష్ణకి అటు దివి, ఇటు రేపల్లె వైపు సముద్రం ఊళ్ళ మీదికి వచ్చి పది వేలమందికి పైగా పోయారన్నది తర్వాత నాలుగైదు రోజులకి గానీ అందరికీ తెలియలేదు. కాలేజీ కుర్రాళ్ళు బట్టలు, మందులు, అటుకుల మూటలు తీసుకుని అటు బయల్దేరితే నాన్న ఆరు సైకిళ్ళు ఇచ్చాడు. అవి రెండు వారాలకి తిరిగొచ్చాయి. ఉప్పునీళ్ళు, బురద తగిలి గొలుసులు బిగుసుకుపోయాయి, ఇరుసుల్లో గోళీలన్నీ ఎర్రగా తుప్పు. ఆరింటినీ విప్పి ఓవరాయిల్ చేశాడు. కిరసనాయిలు పళ్ళెంలో గోళీలు నానబెట్టి ఒక్కొక్కటీ గుడ్డతో తుడవడం నా పని. ఒక కుర్రాడు వచ్చి, "ఎంతివ్వాలి మేస్త్రీ" అని అడిగాడు. నాన్న తలెత్తకుండా "దేనికి?" అన్నాడు. ఆ ఆరు సైకిళ్ళ సంగతి మా లెక్కల పుస్తకంలో లేదు. తర్వాత నేను వెతికి చూశాను. పైసా పైసా రాసే మనిషి ఆ రెండు వారాలూ పేజీ ఖాళీగా వదిలేశాడు.

* * *

ఇప్పుడు ఏడో నంబరు కథ.

నేను ఎనిమిదో తరగతి. వానాకాలం. నాన్న సామాన్ల కోసం బెజవాడ వెళ్ళాడు. సాయంత్రం బడి అయ్యాక షాపులో నేనొక్కడినే. ముసురు పట్టి బేరాల్లేవు. తెల్ల చొక్కా తొడుక్కున్న ఒకాయన తడుస్తూ వచ్చాడు. నాన్న పేరు పెట్టి అడిగాడు. లేడంటే నిట్టూర్చాడు. కూతురికి జ్వరమనీ, మందులు కొనుక్కుని కఠెవరం వెళ్ళాలనీ, బస్సు తప్పిపోయిందనీ, మీ నాన్నా నేనూ ఒకే బళ్ళో చదువుకున్నామనీ చెప్పాడు. చీకటి పడుతోంది కదా అని డైనమో ఉన్న సైకిల్ నేనే తీసిచ్చాను. పూచీ అడగాలని గుర్తుంది. అడగడానికి మొహమాటపడ్డాను. అంత పెద్దాయన్ని, తడుస్తున్నాయన్ని ఎలా అడగడం? పైగా నన్ను "బాబూ" అని పిలిచాడు.

ఎనిమిదైంది. తొమ్మిదైంది. నాన్న రైలు దిగి వచ్చి సైకిళ్ళు లెక్కపెట్టాడు. ఆయన షాపులో అడుగు పెట్టగానే చేసే మొదటి పని అది.

"ఏడు ఏదిరా?"

చెప్పాను. నా బట్టతల మీద ఇన్నేళ్ళ తర్వాత కూడా చెమట పడుతోంది అది రాస్తుంటే. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేదేమో. ఆ రాత్రే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి కాగితం ఇచ్చొచ్చాడు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని కఠెవరం వెళ్ళాడు. ఆయన చెప్పిన పేరుగల మనిషి అక్కడ లేడు. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

రాత్రి భోజనాలయ్యాక లెక్కల పుస్తకం తీసి కొత్త పేజీ మీద నా పేరు రాశాడు. ఇంటిపేరుతో సహా. దాని కింద, "ఏడో నంబరు సైకిల్, వాడినది, రూ. 240." పక్కన, "బాకీ."

పంచరుకి అప్పట్లో అర్ధ రూపాయి. నేను వేసిన ప్రతి పంచరుకీ పావలా నా ఖాతాలో జమ. అంటే 960 పంచర్లు. ఆ లెక్క నాన్న చెప్పలేదు, నాచేత వేయించాడు.

అమ్మ వంటింట్లోంచి వచ్చి, "చదువుకునే పిల్లాడి పేరు మీద అప్పు రాస్తారా ఎవరైనా?" అంది.

"సైకిల్ ఇచ్చింది వాడు. ఇంకెవరి పేరు రాయమంటావ్?"

అంతే. మళ్ళీ ఆ విషయం మాట్లాడలేదు. నన్ను దెప్పలేదు, నలుగురిలో అనలేదు, "వీడికిస్తే అంతే" అని షాపు వదిలి వెళ్ళడం మానలేదు. మరుసటి వారమే మళ్ళీ నన్ను కూర్చోబెట్టి బజారుకి వెళ్ళాడు. అది నాకు అప్పుడు అర్థం కాలేదు. నమ్మడం కంటే తిట్టడం తేలికని నేను తండ్రినయ్యాక తెలిసింది.

పేజీలో నాలుగు గీతలు, అయిదోది అడ్డంగా. రోజుకి రెండు, ఒక్కో రోజు నాలుగు. వానాకాలంలో ఎక్కువ, ఎందుకంటే నల్లరేగడి మట్టి మడ్‌గార్డు లోపల గట్టిగా పట్టేసి, బండి మొరాయిస్తే జనం ఈడ్చుకొచ్చేవాళ్ళు, ఈడ్చేటప్పుడు దారిలో ముళ్ళన్నీ ఎక్కేవి. దేవుడా ఈ రోజు ఊళ్ళో అందరికీ పంచర్లు పడాలి అని దణ్ణం పెట్టుకున్న వెధవని నేను.

ఆ సంక్రాంతి ముందు ఎన్నికలొచ్చాయి. 1983. కొత్త పార్టీకి సైకిల్ గుర్తు. ఒక్కసారిగా మా షాపుకి రాజయోగం పట్టింది. తొమ్మిది సైకిళ్ళూ జెండాలు కట్టించుకుని పొద్దున పోతే రాత్రికి వచ్చేవి. ఊరేగింపు మధ్యలో గొలుసు ఊడితే కుర్రాళ్ళు బండిని భుజాన వేసుకుని జై కొడుతూ వచ్చేవాళ్ళు. నా గీతలు ఆ నెల పేజీ దాటాయి. నాన్న ఎవరికి ఓటేశాడో చెప్పలేదుగానీ, "గుర్తు మాత్రం మంచిది" అన్నాడు.

* * *

తర్వాత వచ్చిన వానాకాలం చివర్లో ఒకరోజు తెల్లవారుజామున నాన్న గాలి కొడుతూ కొడుతూ ఆగిపోయాడు. పంపు పిడి పైకి లేపాడు, కిందికి దించలేకపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు. మాట కూడా ముద్దగా అయిపోయింది. గుంటూరు పెద్దాసుపత్రిలో మూడు వారాలు. నాలుగు సైకిళ్ళు అమ్మేశాం. అయిదు మిగిలాయి.

అమ్మ అప్పటిదాకా షాపు గడప తొక్కలేదు. క్యారియర్ పంపించడమే. మొదటిరోజు వచ్చినప్పుడు గుళ్ళోకి వచ్చినట్టు చెప్పులు బయట విప్పి లోపలికొచ్చింది. వారం తిరక్కుండా పంచరు వేయడం నేర్చుకుంది. నేనే నేర్పాను, మూడుసార్లు విప్పించాను కూడా. ఆవిడకి పట్టరాని కోపం వచ్చింది.

"మేస్త్రీ లేడా అమ్మా?" అని అడిగి వెనక్కి తిరిగేవాళ్ళు కొందరు. ఎదుటి షాపు అరుగు మీద కూర్చుని ఆవిడ లివరు పట్టుకుంటే వింతగా చూసేవాళ్ళు కొందరు. అమ్మ తల వంచుకుని చేసేది. ఒకరోజు ఎవరో అలాగే అడిగితే తలెత్తి, "బండి స్టాండేసి పక్కన కూర్చో అన్నయ్యా, నేనే మేస్త్రీని" అంది. ఆ సంవత్సరం నుంచే కాలేజీ ఆడపిల్లలు కూడా మా షాపుకి రావడం మొదలుపెట్టారు. అంతకుముందు తమ్ముళ్ళనో నాన్నలనో పంపేవాళ్ళు.

నేను నాలుగున్నరకి లేచేవాణ్ణి. కొలకలూరు, అంగలకుదురు వైపు నుంచి పాలవాళ్ళు అయిదింటికల్లా దిగేవాళ్ళు. వెనక రెండు పక్కలా పాలక్యాన్లు వేలాడుతూ, చీకట్లో క్యాన్ల మూతల చప్పుడు ముందొచ్చేది, మనిషి తర్వాత కనపడేవాడు. వాళ్ళకి ఆలస్యమైతే పాలు విరిగిపోతాయి. నా బళ్ళో బెల్లు కంటే వాళ్ళ తొందర నాకు ఎక్కువ భయం. ఎనిమిదిన్నరకి చేతులకి కిరసనాయిలు రాసి, బూడిదతో తోమి, బడికి పరుగు. గోళ్ళలో గ్రీజు పోయేది కాదు. లెక్కల నోట్సు నిండా నల్ల వేలిముద్రలే. మాస్టారు ఒకసారి ఆ పుస్తకం పైకెత్తి క్లాసంతా చూపించారు. అందరూ నవ్వారు. ఆయనే నెల తిరిగేసరికి తన సైకిల్ తెచ్చి నాకే ఇచ్చారు, బెండు తీయమని.

బెండు తీయడం నాకు రాదు. అది నాన్న విద్య. వెనక చక్రానికి నలభై పుల్లలు, ముందు చక్రానికి ముప్ఫై రెండు. ఒక పుల్ల బిగిస్తే ఎదుటిది లాగుతుంది, దాన్ని వదులు చేస్తే పక్కది ఏడుస్తుంది. నాన్న షాపు వెనక నులకమంచం మీద పడుకుని ఉండేవాడు. నేను చక్రం తలకిందులుగా బిగించి పుల్లల్ని ఒక్కొక్కటీ వేలితో మీటేవాణ్ణి. టింగ్. టింగ్. టంగ్. "అదీ" అనేవాడు మంచం మీంచి. "దాని పక్కది పావు చుట్టు తిప్పు. ఎక్కువైంది. వెనక్కి." కళ్ళు మూసుకునేవాడు. చక్రాన్ని చూసేవాడే కాదు. ఆ ఏడాది చివరికి నాకూ వినపడటం మొదలైంది. ఇప్పటికీ ఎవరి సైకిల్ పక్కన నిలబడ్డా నా వేలు పుల్ల మీదికి పోతుంది.

కష్టాలు మనిషిని రాటుదేలుస్తాయని మా బంధువులు నన్ను చూపించి ఇప్పటికీ చెబుతుంటారు. వాళ్ళు మా అక్కని అడగాలి. అమ్మ షాపుకి వచ్చేశాక ఇంటి పని, నాన్నకి తైలం రాయడం, తినిపించడం, అన్నీ అక్క మీద పడ్డాయి. అది పదో తరగతి పరీక్షలు రాయలేదు. నా కంటే బాగా చదివేది. అది రోజుకెన్ని బిందెల నీళ్ళు మోసిందో ఎవరూ గీతలు పెట్టలేదు. నేను మొదటి జీతంతో చీర పట్టుకెళితే తడిమి చూసి, "బాగుందిరా" అని బీరువాలో పెట్టేసింది. ఎప్పుడూ కట్టుకోగా చూడలేదు.

* * *

నాన్న పడిపోయేనాటికి నా బాకీ 190 పంచర్లు మిగిలి ఉంది. ఇంత జరిగాక ఆ పుస్తకం ఎవరికి గుర్తుంటుంది అనుకున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చిన అయిదో రోజో ఆరో రోజో నాన్న ఎడం చేత్తో సైగ చేశాడు. అమ్మ మంచినీళ్ళు తెచ్చింది. కాదన్నాడు. విసనకర్ర తెచ్చింది. కాదన్నాడు. చివరికి పుస్తకం. నన్ను పిలిచి, "నిన్న ఎన్ని?" అన్నాడు. మూడని చెప్పాను. ఎడం చేత్తో మూడు గీతలు గీశాడు. వాన పడ్డ గోడ మీద నీటి చారల్లా వంకరగా. అప్పటికి ఇంట్లో బియ్యానికి వెతుక్కుంటున్నాం. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఒళ్ళు మండింది. రోజూ రాత్రి అదే ప్రశ్న. "నిన్న ఎన్ని?"

సంక్రాంతి వెళ్ళాక, ఒక పాలాయన ముందు టైరుతో 960 పూర్తయింది. ఆ పంచరు ముల్లు నేను డబ్బాలో వేయకుండా జేబులో వేసుకుని తెచ్చి నాన్న అరచేతిలో పెట్టాను. నాన్న పేజీకి అడ్డంగా ఒక గీత గీశాడు. చాలాసేపు పట్టింది. తర్వాత పేజీ తిప్పి, మళ్ళీ నా పేరు, మళ్ళీ ఇంటిపేరుతో సహా. దాని కింద కష్టపడి మూడక్షరాలు రాశాడు. "జీతము." ఆ రోజు నుంచి పంచరుకి పావలా నాది. పదో తరగతి పరీక్ష ఫీజు ఆ పేజీలోంచే కట్టాను.

పదో తరగతి అయిన వేసవిలో, "కాలేజీకి నడిచి ఎన్నాళ్ళు పోతావ్? ఒక బండి కట్టుకో" అన్నాడు. ఫ్రేము ఒకటి ఉందనీ, తెలిసినాయన బియ్యం మిల్లు షెడ్డులో ఇచ్చి వెళ్ళాడనీ చెప్పాడు. తెచ్చాను. రంగంతా ఊడి, మట్టి రంగులో ఉంది. వారం రోజులు గరుకు కాగితంతో రుద్దాను. పాత చక్రాలు రెండు, అయిదో నంబరు నుంచి తీసేసిన గుచ్చుకునే సీటు, ఎక్కడెక్కడివో పెడళ్ళు. నాన్న మంచం మీద నుంచి చెబుతుంటే మొత్తం నేనే కట్టాను. నల్ల రంగు వేశాను. రంగు వేసేముందు ఫ్రేము తిరగేస్తే పెడల్ గొట్టం అడుగున ఒకచోట ఆకురాయితో గీకినట్టు నున్నగా, పల్లంగా ఉంది.

"ఇదేంటి నాన్నా?"

"తుప్పు" అన్నాడు.

మూడేళ్ళు తొక్కాను ఆ బండి. కాలవగట్టు మీద ఎదురుగాలిలో తొక్కుతుంటే గొలుసు కవరు గలగలలాడేది. ఇరుసులో గోళీలన్నీ నేనే లెక్కపెట్టి వేశాను కాబట్టి దాని ప్రతి చప్పుడూ నాకు తెలుసు.

* * *

తర్వాతి సంగతులు చెప్పడానికి పెద్దగా ఏమీ లేవు. టీవీఎస్ ఫిఫ్టీలు, లూనాలు వచ్చాయి. పాలవాళ్ళు మోపెడ్లకి మారారు. అద్దె సైకిల్ అడిగే పిల్లలు తగ్గిపోయారు, ఒక ఏడాది సెలవుల్లో అసలు రాలేదు. నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. నాన్న పోయాడు. షాపు ఖాళీ చేసి అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతారు. క్రితంసారి వెళ్ళినప్పుడు ఒక కవరు కొన్నాను, నా ఫోనుకి సరిపోనిది.

2020లో, అందరం ఇళ్ళల్లో కూర్చున్న రోజుల్లో, ఒక పొద్దున పేపర్లో వార్త చూశాను. సాహిబాబాద్‌లో అట్లాస్ వాళ్ళ చివరి ఫ్యాక్టరీ జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవమట. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. చదివి వినిపించాను.

"ఏడో నంబరు అట్లాసే కదరా" అంది.

"అవును, పోయిందిగా."

అమ్మ చిక్కుడుకాయ తుంచి ఈనె లాగింది. "దొరికింది" అంది.

ఎండాకాలం కాలువ కట్టేసినప్పుడు దొరికిందట. నీళ్ళు ఇంకి, అడుగున మట్టి తీసే కూలీలకి. డైనమో లేదు, చక్రాలు లేవు, మడ్‌గార్డు మీద ఏడంకె మాత్రం తెల్లగా ఉందట. సైకిల్ పోయిన ఏడాది కాదు, ఆ తర్వాతి వేసవి. అంటే నాన్నకి ఇంకా రెండు చేతులూ బాగున్న రోజులు. నా గీతలు అప్పటికి సగం దాటి ఉండవు. నాన్న దాన్ని రాత్రిపూట తీసుకెళ్ళి మిల్లు షెడ్డులో పడేశాడు. అమ్మ, "ఇంక వాడి బాకీ కొట్టేయండి" అందట. నాన్న, "నడుస్తోంది కదా, నడవనీ" అన్నాడట.

నాకు కోపం వచ్చింది. యాభై ఒక్క ఏళ్ళ మనిషికి, చనిపోయిన తండ్రి మీద, అయిదు వందల పంచర్ల గురించి. దొరికిన సైకిల్‌కి నాచేత బాకీ కట్టించుకున్నాడు. ఇంట్లో బియ్యం లేనప్పుడు, ఎడం చేత్తో, ఆ మిగతా గీతలు. బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. అంతకు నాలుగేళ్ళ ముందు మా పెద్దవాడి సైకిల్ తాళం వేయక అపార్ట్‌మెంట్ కింద నుంచి పోతే వారంలో ఇంకోటి కొనిచ్చాను. ఒక్క మాట అనలేదు. వాడు కూడా ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నాన్న చేసింది సరైనదా, నేను చేసింది సరైనదా అని ఆ రోజు నుంచి ఆలోచిస్తున్నాను. ఒక్కో రోజు ఒక్కోలా అనిపిస్తుంది.

లోపలికి వచ్చేసరికి అమ్మ చిక్కుడుకాయలు అయిపోయి, పళ్ళెం ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

"మరి ఆ ఫ్రేము ఏం చేశాడు? పాత ఇనుముకి అమ్మేశాడా?"

"అమ్మడమేంట్రా? మూడేళ్ళు తొక్కావుగా!"

నేను ఆవిడ వైపే చూస్తూ ఉండిపోయాను.

"పదో తరగతి పరీక్షలు నీకు. నువ్వు పడుకున్నాక నన్ను ఆ మిల్లు దగ్గరికి పంపించి తెప్పించాడు. ఎడం చేత్తో ఆకురాయి పట్టుకుని, కాళ్ళ మధ్య ఫ్రేము ఇరికించుకుని, ఆ అంకె గీకేశాడు. రెండు రాత్రులు పట్టింది. లైటేస్తే నువ్వు లేస్తావని నేను కిరసనాయిలు దీపం పట్టుకున్నాను. మర్నాడు మళ్ళీ షెడ్డులో పెట్టేసి వచ్చాను."